నువ్వు లేనప్పటి ముచ్చట

మొన్న ఎండాకాలంలో, మా అన్న ఇంట్లో చింతపండు కొడుతున్న రోజున, ఆరేళ్ళ పిల్ల ఒకతి పనిలోంచి లేచి చేతులు కడుక్కుంది. చెప్పులు తొడుక్కుంది. తన చిన్న బ్యాగు తెచ్చుకుని గడప బయట మెట్టు మీద కూర్చుని, "అమ్మా, మనం ఎప్పుడు పోదాం?" అని అడిగింది. ఏడవలేదు, అలగలేదు. బస్సు కోసం చూసే పెద్దమనిషిలా అడిగింది. ఆ పిల్ల పేరు లాస్య. మా అన్న కూతురు స్రవంతీ, ఆమె భర్తా శిశుగృహ నుంచి దత్తత తెచ్చుకుని అప్పటికి ఏడు నెలలు. బాన్సువాడలో తాత ఇంటికి సెలవులకు రావడం అదే మొదటిసారి. అరవై దాటినదాన్ని, ముప్పయ్యేళ్ళు బడిపిల్లల అలకలు తీర్చిన టీచరమ్మను, ఆ పిల్లను చూసి చేతిలో చింతకాయ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇల్లు వేరు, ఊరు వేరు, కానీ ఒకప్పుడు అలా మూట పక్కన పెట్టుకుని గడప బయట కూర్చున్నదాన్ని నేనే.

ముందు ఈ చింతపండు సంగతి చెప్పాలి. ఇప్పుడు ఏ దుకాణానికి పోయినా గింజ తీసిన చింతపండు ప్యాకెట్లలో దొరుకుతుంది. మా వదిన ఒప్పుకుంటేగా! బీర్కూర్ దగ్గర మా పొలం గట్టున రెండు చింతచెట్లున్నాయి. కాయ రాలగానే రెండు బస్తాలు ఇంటికి రావలసిందే, మేమంతా గుండ్రంగా కూర్చుని పెంకు తీసి, ఈనె లాగి, రాయితో కొట్టి గింజ తీయవలసిందే. ఇది మా అవ్వ పెట్టిన పద్ధతి. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. చింతపండు దగ్గర చెయ్యి ఆడినంతసేపూ నోరూ ఆడాలని ఆమె హుకుం. ఊరికే ఆడితే చెల్లదు. వరుసగా ఒక్కొక్కరూ ఇంట్లో జరిగిన ముచ్చట ఒకటి చెప్పాలి. చెప్పినవాళ్ళ ముందుకు మిగతావాళ్ళు తమ దగ్గరున్న గింజలు తోయాలి. సాయంత్రానికి ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళకు వేయించిన గింజల్లో మొదటి పిడికెడు. పెద్దాచిన్నా తేడా లేదు. ముచ్చట లేనివాళ్ళకు మాత్రం గింజలు లేవు.

ఆ రోజు మొదలుపెట్టింది అన్న. మా సత్తెమ్మత్త పెండ్లినాడు లడ్డూల బండి కాలువలో పడ్డ ముచ్చట. ఏటేటా అదే చెబుతాడు, ఏటేటా తప్పే చెబుతాడు.

"ఎర్రెద్దు బెదిరింది. బండి బోర్ల పడ్డది. పెండ్లికొడుకు బాసింగంతోనే కాల్వల దునికిండు," అన్నాడు.

"ఎర్రది గాదన్నా, తెల్లది. దాని పేరు రాముడు. ఎర్రెద్దు పాపం గట్టు మీదనే నిలవడ్డది," అన్నాను నేను.

"గట్లనా? ఏమో చెల్లె, అన్నీ నీకే ఎరుక," అని అన్న నవ్వాడు.

తరువాత స్రవంతి తన పెండ్లి బరాత్‌లో గుర్రం మామిడి తోరణమంతా మేసి కదలనని మొరాయించిన ముచ్చట చెప్పింది. ఇక లాస్య వంతు. పొద్దుటి నుంచి ఆ పిల్ల అందరి కన్నా శ్రద్ధగా గింజలు ఏరింది, ఎవరు ముచ్చట చెప్పినా లెక్కగా వాళ్ళ ముందుకు తోసింది. ఇప్పుడు మేమంతా ఒక్కసారి ఆగిపోయాం. పాపం, ఏం చెబుతుంది? ఆ ఇబ్బంది దాటించాలని మా వదిన తొందరపడింది. "మా లాస్యకు లేదా ముచ్చట! గా బరాత్‌ల నువ్వు గూడ ఉంటివి బిడ్డా. గుర్రానికి ఆకు పెట్టిందే నువ్వు. చిన్నగుంటివి, నీకు యాది లేదు," అంటూ పిడికెడు గింజలు పిల్ల ముందు పోసింది.

లాస్య ఆ గింజల వంక చూసింది. "నేను లేను. నేను శిశుగృహల ఉన్న," అంది. రెండు చేతులతో గింజలు వెనక్కి తోసింది. చేతులు కడుక్కోవడానికి లేచింది.

వదిన మీద నాకు కోపం రాలేదంటే అబద్ధమే. వచ్చింది, చర్రుమని వచ్చింది. కానీ ఆమె ముఖం చూస్తే అది నిలవలేదు. పిల్ల వస్తుందని పదిహేను రోజుల ముందు నుంచీ మురుకులు చేసి డబ్బాలు నింపిన మనిషి. ఆడిన అబద్ధం ప్రేమతోనే ఆడింది. నాకు తెలియదా? అదే అబద్ధం అంతకంటే ఎక్కువ ప్రేమతో నాతో ఆడిన మనిషి మా అవ్వ.

నన్ను కన్నవాళ్ళు మహారాష్ట్రలోని దెగ్లూర్ దిక్కు నుంచి చెరుకు నరకడానికి వచ్చిన కూలీలు. మా బాపు తోట పక్కనే గుడిసె వేసుకున్నారు. ఆ ఏడు నన్ను కన్నతల్లికి జ్వరం పట్టుకుంది. బండి కట్టి దవాఖానకు తీసుకుపోయారు, ఆమె తిరిగి రాలేదు. నాకప్పుడు ఐదేళ్ళు. కన్నతండ్రికి ముందు ఊళ్ళలో నరకవలసిన చెరుకు ఇంకా ఉంది. మళ్ళీ సీజన్‌కు వచ్చి తీసుకుపోతానని నన్ను పెంచబోయే అమ్మ చేతుల్లో పెట్టి, తోటి కూలీలతో కదిలిపోయాడు. మాట తప్పలేదు, మరుసటి ఏడు వచ్చాడు. నేను అమ్మ కొంగు వెనక దాక్కున్నాను. నా గౌను చూశాడు, నూనె పెట్టి అల్లిన జడ చూశాడు, నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఈడనే ఉండనీయుండ్రి," అని వెళ్ళిపోయాడు. ఆ తరువాత రాలేదు. వాళ్ళు పెట్టిన పేరు సోనా. అవ్వ దానికో అమ్మను తగిలించి సోనమ్మను చేసింది.

ఆ ఇంట్లో నేను ముందుగా గుర్తుపట్టింది ఒక చప్పుడును. తెల్లవారగానే అమ్మ జొన్నరొట్టెలు చరిచేది. గుడిసె ముందు మా ఆయి కూడా అలాగే చరిచేది. కన్నతల్లిని నేను ఆయి అనేదాన్ని. కళ్ళు మూసుకుని పడుకుంటే ఆ చప్పుడులో ఇద్దరికీ తేడా తెలిసేది కాదు. కళ్ళు తెరిస్తే తెలిసేది. కట్టెల పొయ్యి పొగ, కుడితి తొట్టి పులుపు వాసన, గానుగ రోజుల్లో బెల్లం పాకం ఊరంతా కమ్ముకునే ఘుమఘుమ, వాటన్నిటి మీదుగా అవ్వ ముక్కుపొడి ఘాటు. అవ్వ ఎక్కడుందో వెతకనక్కర లేదు, తుమ్ము వినపడిన వైపు పోతే చాలు. రెండు తుమ్ములు తుమ్మితే గాని ఏ మాటా మొదలుపెట్టేది కాదు. కోళ్ళను కూడా "ఏందే కోడలా, గింజలు సాలలేదా?" అని వరసపెట్టి తిట్టేది. అన్నం పెట్టేటప్పుడు అన్నకూ నాకూ ఒకే కంచం. వాడు నాకంటే నాలుగేళ్ళు పెద్ద, ముద్దలూ పెద్దవే. "మెల్లగ తినరా బకాసురా, చెల్లెకు ఉంచు," అని వాడి చేతి మీద ఒకటి వేసేది. ప్రేమకు తక్కువైన ఇల్లు కాదది. ఊళ్ళో ఎవరైనా నన్ను చెరుకోళ్ళ పిల్ల అంటే అవ్వ వాళ్ళ ఇంటిముందు నిలబడి దులిపి వచ్చేది.

కానీ చింతపండు రోజు వస్తే నాకు దిగులు. అందరికీ ముచ్చట్లున్నాయి. బావిలో పడ్డ బిందె ముచ్చట, అన్న పుట్టిననాటి వాన ముచ్చట. నా వంతు వచ్చేసరికి చెప్పడానికి ముచ్చట ఉండేది కాదు. ఆ మొదటి ఏడు నా తలకాయ కిందికి వాలడం అవ్వ చూసింది. రెండు తుమ్ములు తుమ్మింది. "సోనమ్మ లేదా ఏంది మన సత్తెమ్మ పెండ్లిల? నా సంకలనే ఉండె. బండి పడ్డప్పుడు దీని చేతుల లడ్డు ఉండె, కాల్వల పోకుండ మిగిలింది గదొక్కటే," అంది. అందరూ నవ్వి గింజలు నా ముందుకు తోశారు. నేను నమ్మానా అంటే నమ్మాను. నమ్మడం ఎంత బాగుందో చెప్పలేను. రాను రాను ఆ లడ్డు నా అరచేతిలో జిగటగా తగిలేది కూడా. బడిలో చెప్పాను, కల్లంలో చెప్పాను, బర్రెను కడుగుతూ బర్రెకు కూడా చెప్పాను.

మరుసటి ఏడు చింతపండుకు సత్తెమ్మత్తే వచ్చింది. పెండ్లికూతురు ఎదురుగా ఉంది కదా అని నేను ఇంకా హుషారుగా అందుకున్నాను. లడ్డు దాకా రాగానే అత్త పకపక నవ్వింది. "ఓ పోరీ, నువ్వేడున్నవే గప్పుడు! నా పెండ్లయి నాలుగేండ్లు. నువ్వు గీ ఇంట్లకొచ్చి ఎన్నాళ్ళాయె? రెండేండ్లు గూడ గాలె," అంది. అందరూ నవ్వారు. ఎవరి నవ్వులోనూ విషం లేదు, ఇవాళ ఆ మాట ఒట్టేసి చెప్పగలను. కానీ ఏడేళ్ళ పిల్లకు ఆ లెక్క ఎలా తెలుస్తుంది? లడ్డు అబద్ధమైతే సంకనెత్తుకోవడం కూడా అబద్ధమేనా? అమ్మ అన్నదీ, చెల్లె అన్నదీ నోటిమాటలేనా? నేను లేచిపోయి ఆయి పాత చీరముక్కలో నా రెండు గౌన్లు మూటకట్టుకుని గడప బయట కూర్చున్నాను. ఎక్కడికి పోవాలో తెలియదు. చెరుకు బండ్లు ఏ దిక్కు పోతాయో అటే అనుకున్నాను.

అమ్మ వచ్చి బతిమాలింది, బాపు వచ్చి భుజం మీద ఎక్కించుకుంటానన్నాడు. నేను కదలలేదు. ఆఖరికి అవ్వ వచ్చి పక్కన చతికిలపడింది. ముక్కుపొడి పీల్చలేదు, తుమ్మలేదు. తుమ్మకుండా ఆమె మాట మొదలుపెట్టడం నేను అదొక్కసారే చూశాను.

"నేను అబద్ధమాడిన బిడ్డా. నువ్వు లేవు. గప్పుడు నువ్వు మాకు తెల్వనే తెల్వవు. నీ మొఖం చిన్నవోతే సూడలేక నోటికొచ్చింది చెప్పిన. తప్పు నాదే," అంది.

"మరి నా వంతొస్తే నేనేం చెప్పాలె? నాకు మీ ముచ్చట్లు లెవ్వు గద," అన్నాను.

"ఎందుకు లెవ్వు? మీ అన్నకు గా బండి ముచ్చట నేనెప్పుడన్న చెప్పిన్నా? వాడు కండ్లార సూసిండు, వానికేం చెప్త? ముచ్చట చెప్పేదే లేనోళ్ళకు. నువ్వు లేవు గన్క నీకు చెప్త. ఎద్దు పేరు కాడికెల్లి చెప్త. నువ్వు యాది పెట్టుకో. రేపు మేం పోయినంక గీ ఇంటి ముచ్చట్లన్నీ నీ దగ్గర్నే ఉంటయి." నా మూట మీద చెయ్యి వేసింది. "ఇగ నువ్వు గూడ చెప్పాలె. నువ్వున్నయి, మేం లేనియి. మీ ఆయి ముచ్చట ఒకటి చెప్పు."

అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ నన్ను ఆయి గురించి అడగలేదు. ఏడుస్తానని భయం. నేను ఆ పేరెత్తితే అమ్మ బెల్లంముక్క ఇచ్చి మాట మార్చేది. అడగకపోయేసరికి చెప్పకూడని సంగతేమో అనుకున్నాను. ఆ రోజు గడప బయట కూర్చుని మొదటిసారి చెప్పాను. ఆయి చెరుకు నరకడానికి పోయేముందు ఒక గడను చెక్కి, బిళ్ళలు బిళ్ళలుగా కోసి నా ఒళ్ళో పోసేది, అవి అయిపోయేలోపు వస్తాననేది. ఒకనాడు అయిపోయాయి, ఆయి రాలేదు. నేను వెతుక్కుంటూ తోటలోకి పోయాను. ఎటు చూసినా చెరుకే, ఆకులు మొహానికి గీసుకుంటున్నాయి. గట్టిగా ఏడిస్తే లోపలి నుంచి "సోనా!" అని కేక. జుట్టు నిండా చెరుకాకుతో ఆయి బయటికొచ్చింది. నన్ను కొట్టి, ఎత్తుకుని, తనే ఏడ్చింది.

అవ్వ ఓదార్చలేదు. "తెల్ల చెరుకా, నల్ల చెరుకా?" అని అడిగింది. "మీ ఆయి పేరేంది?" అని అడిగింది. రుక్మాబాయి అన్నాను. "కొడవలి చేతులనే ఉండెనా నిన్ను ఎత్తుకున్నప్పుడు? తెగలేదు గద?" అని అడిగింది. ఆ ప్రశ్నలు విని నాకు ప్రాణం లేచి వచ్చింది. మరుసటి ఏడు చింతపండు దగ్గర అవ్వ వంతు వచ్చినప్పుడు, "మా సోనమ్మ చెరుకు తోటల తప్పిపోయిన ముచ్చట ఎరుకనా మీకు? మా రుక్మాబాయి కొడవలి ఇసిరేసి ఉరికొచ్చింది," అని మొదలుపెట్టింది. మా రుక్మాబాయి! తాను ఎన్నడూ పలకరించని కూలీమనిషిని మా అంది. ఆ ముచ్చట చెబుతూ చెబుతూ అన్నకు కూడా ఎంత అలవాటైందంటే, పెద్దయ్యాక ఒకసారి నాతోనే, "మన రుక్మాబాయి ముచ్చట," అన్నాడు.

అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. నాకు కన్నతల్లి ఫోటో ఒక్కటి లేదు. నన్ను పెంచుకున్నట్టు కాగితం ముక్క లేదు, అడిగినవాడూ లేడు, అది మంచిదని నేననను. స్రవంతి ఏళ్ళ తరబడి ఓపిగ్గా ఎదురుచూసి, అధికారుల ముందు నిలబడి, పద్ధతిగా తెచ్చుకుంది పిల్లను. ఫోనులో లాస్య ఫోటోలు లెక్కలేనన్ని. కానీ అన్నీ ఆ ఏడు నెలలవే. అంతకుముందు ఐదేళ్ళకు పైగా ఆ పిల్ల ఎక్కడో నవ్వింది, ఎక్కడో పడింది, ఎవరితోనో పోట్లాడింది. ఆ కాలాన్ని ఇంట్లో అందరూ మెల్లగా, గొంతు తగ్గించి దాటేస్తున్నారు. ఊరివాళ్ళు అప్పట్లో మొహం మీదే అనేవాళ్ళు, ఇప్పుడు మర్యాదగా మాట మారుస్తారు. పిల్లకు రెండూ తెలుస్తాయి.

నేను లేచాను. మెట్టు మీద లాస్య పక్కన కూర్చుంటే మోకాళ్ళు పటపటమన్నాయి. పిల్ల కాళ్ళకు ఒకటి ఎర్ర చెప్పు, ఒకటి నీలం చెప్పు. తొందరలో తొడుక్కుందేమో అనుకున్నాను.

"నేను గూడ లేను లాస్యా," అన్నాను.

"ఎక్కడ?"

"గా కాల్వల బండి పడ్డప్పుడు. తాత ఉన్నడు. నేను లేను."

"మరి ఎద్దు పేరు నీకెట్ల తెలుసు?"

"లేను గన్కనే తెలుసు. మా అవ్వ నన్ను కూసుండవెట్టి చెప్పింది. తాతకెవ్వరు చెప్పలె, అందుకే మర్చిపోయిండు."

లాస్య నా వైపు తిరిగింది. "నువ్వెందుకు లేవు?"

"నేను గూడ నీ లెక్కనే వచ్చిన గీ ఇంట్లకు. ఐదేండ్లప్పుడు."

ఆ పిల్ల నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. నెరిసిన జుట్టు చూసింది, కళ్ళద్దాలు చూసింది. "ఇంత ముసలైనంక గూడ ఈడనే ఉన్నవా? పంపియ్యలేదా?" అని అడిగింది.

అదీ సంగతి! ఏడు నెలలుగా ఆ చిన్న బుర్రలో తిరుగుతున్నది అదీ. "పంపియ్యలే. తాత నన్ను మస్తుసార్లు కొట్టిండు, నేను గూడ కొరికిన. గంతే. ఎవ్వరు ఎవ్వర్ని పంపియ్యలే," అన్నాను. "గా బరాత్‌ల నువ్వు లేవు. అమ్మమ్మ తప్పు చెప్పింది. ఇగ నువ్వున్నది, మేమెవ్వరం లేనిది, ఒకటి చెప్పు."

లాస్య తన కాళ్ళ వంక చూసుకుంది. "వానొచ్చింది," అంది. "బాగొచ్చింది. నీళ్ళు వరండాలకొచ్చినయి. చెప్పులన్ని తేలినయి. ఆయమ్మ చీర ఎగ్గట్టి ఒకటి పట్టుకుంటే ఇంకొకటి పోతున్నది. మేం మంచాల మీద నిలవడి చప్పట్లు కొట్టినం. నాది ఎర్రది ఒక్కటే దొరికింది. రోజాది నీలంది ఒక్కటే దొరికింది. తర్వాత రోజాకు అమ్మానాన్న వచ్చిండ్రు, షూస్ తెచ్చిండ్రు. పోయేటప్పుడు నీలంది నాకిచ్చింది."

వెనక అలికిడైతే తిరిగి చూశాను. చింతపండు అంటిన చేతులతో అందరూ గడప లోపల నిలబడి ఉన్నారు. స్రవంతి కళ్ళు నిండాయి. "మూడు జతలు కొన్న అత్తా. ఎందుకు తొడుక్కుంటలేదో అర్థం గాలె. అడిగితే బాధపడ్తదని అడగనే లేదు," అంది. నేను ఏమైనా అనేలోపే మా వదిన ముందుకొచ్చింది. అవ్వను ఆమె కొద్ది రోజులే చూసింది. అవ్వ లాగే అడగడం ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు.

"ఎంతమంది పోరగాండ్లే?" అని అడిగింది.

"పదమూడు."

"అంటే ఇరవయ్యారు చెప్పులు! నా తల్లో, ఆయమ్మ నడుము ఏం గావాలె!"

లాస్య కిసుక్కున నవ్వింది. వదిన లోపలికి పోయి తన గింజలన్నీ కొంగులో పోసుకొచ్చి పిల్ల ఒళ్ళో కుమ్మరించింది. "గివి నీయి. ముచ్చట చెప్పినవ్ గద," అంది. స్రవంతి తెచ్చింది, నేను తెచ్చాను. అన్న తన గింజలు తెచ్చి, "నీలం చెప్పు కుడికాలిదా, ఎడమదా?" అని అడిగాడు. బ్యాగు మాత్రం సాయంత్రం దాకా మెట్టు మీదే ఉంది. ఎవరం ముట్టుకోలేదు. గింజలు పెట్టుకోవడానికి సంచి కావలసి వచ్చి లాస్యే దాన్ని లోపలికి మోసుకుపోయింది.

మొన్న అన్న ఇంటికి పోతే వదిన పక్కింటామెను కూర్చోబెట్టుకుని, ఫోనులో లాస్య బొమ్మను చూపిస్తూ మాట్లాడుతోంది. పిల్ల నిజామాబాదు నుంచి వీడియో కాల్‌లో ఉంది. "మా లాస్య చిన్నప్పుడు ఏమైందో ఎరుకనా? ఒకటే వాన. పది మంది పిల్లల చెప్పులు నీళ్ళల్ల కొట్టుకపోతున్నయి..." అని వదిన మొదలుపెట్టింది.

"పది గాదు, పదమూడు!" ఫోనులోంచి లాస్య గట్టిగా అరిచింది. "ఆయమ్మ చీర ఆకుపచ్చది, అది గూడ చెప్పాలె. నువ్వు లేవు గద అమ్మమ్మా గప్పుడు. మంచిగ విను, మళ్ళ చెప్తున్న. యాది పెట్టుకో."

వదిన ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. "చెప్పు బిడ్డా, మొదటికెల్లి చెప్పు," అంది.